మామ సందుగలో దొరికిన కొమ్ము, ముల్లు, పెంకు

ప్రశ్న: మేడం, మాది దేవరకొండ వైపు ఒక పల్లె. మా మామ ఊళ్లో మందులిచ్చేవాడు. ఉగాదికి ముందు పోయిండు. దినాలయ్యాక ఆయన సందుగ తీస్తే దుప్పి కొమ్ము ముక్క, ఏదుపంది ముళ్ల కట్ట, ఆరు అలుగు (పాంగోలిన్) పెంకులు, ఎర్రగుడ్డలో చుట్టిన ఎలుగు వెంట్రుకలు, నక్క కొమ్ము అని ఆయన చెప్పే ఒక వస్తువు ఉన్నాయి. మందు కోసం జనం ఇంకా వస్తున్నారు. బండి మీద ఇద్దరు వచ్చి అలుగు పెంకులకు మంచి రేటు ఇస్తామన్నారు. మా అత్తమ్మ మాత్రం ఏదీ ఇంట్లోంచి కదిలించొద్దంటోంది. మా బాబుకు ఏడేళ్లు, చలికాలం వస్తే దమ్ము. చెవులపిల్లి (కుందేలు) నెత్తురు తాగిస్తే పోతుందట. అడవి పట్టా ఉన్నవాళ్లకు వేట హక్కు ఉంటుందని, వాళ్లతో తెప్పిస్తానని అంటోంది. ఆమె మోకాళ్లకు అడవిపంది కొవ్వు రాసుకుంటుంది గానీ నొప్పులు తగ్గడం లేదు. పట్నంలో చదివే మా తమ్ముడు ఇదంతా చూసి "మీరింకా ఆదిమానవుల్లానే ఉన్నరు" అని నవ్విండు. నాకు సిగ్గు, భయం రెండూ పట్టుకున్నాయి. ఏం చేయమంటారు? (పేరు రాయొద్దు)

సమాధానం:

బిడ్డా, సందుగ సంగతి తర్వాత. ముందు బాబు.

చెవులపిల్లి నెత్తురు తాగించొద్దు. అత్తమ్మ ఎంత బతిమాలినా, ఎవరైనా తెచ్చి గడపలో పెట్టినా వద్దు. దమ్ము అంటే ఊపిరితిత్తుల్లోకి గాలి పోయే సన్నటి గొట్టాలు వాచి, బిగుసుకుని, లోపల జిగట పట్టడం. కడుపులోకి పోయిన నెత్తురు అన్నంలాగే అరిగిపోతుంది. ఆ గొట్టాలను వదులు చేసే గుణం దానికి లేదు. పచ్చి నెత్తురుతో వచ్చే వాంతులు, విరేచనాలు, రోగాలు అదనం.

మరి ఇంతమంది "మావాడికి తగ్గింది" అని ఎందుకంటారు? వాళ్లు అబద్ధమాడటం లేదు. కల్వకుర్తి వైపు మా ఊళ్లో నేను చిన్నప్పుడు కళ్లారా చూసిన సంగతి చెబుతా. కందులు కొట్టి, ఆముదాలు ఏరి, చెల్కలన్నీ ఖాళీ అయ్యాక చెవులపిల్లికి దాక్కునే చాటు ఉండదు. అప్పుడే వలలు, కుక్కలు తీసుకుని గుట్టలకు పోయేవాళ్లు. అంటే సంక్రాంతి దాటాక, శివరాత్రి లోపు. పిల్లలకు నెత్తురు తాగించేదీ అప్పుడే. శివరాత్రికి చలి శివశివా అని పోతుందంటాం కదా. చలి పోతే చాలామంది పిల్లలకు దమ్ము దానంతటదే సద్దుమణుగుతుంది. చలి పోయినందుకు కలిగిన మేలు చెవులపిల్లి ఖాతాలో పడింది. ఇంకొకటి, ఈడు పెరిగేకొద్దీ దమ్ము తగ్గే పిల్లలు చాలామంది ఉంటారు. ఏడేళ్లప్పుడు నెత్తురు తాగినవాడు పద్నాలుగేళ్లకు బాగుంటే, ఇంట్లోవాళ్లు గుర్తుపెట్టుకునేది ఆ నెత్తురునే.

బాబును పిల్లల డాక్టరుకు చూపించు. నల్లగొండలో 2019లో ప్రభుత్వ మెడికల్ కాలేజీ వచ్చింది, దాని ఆస్పత్రిలో పిల్లల వార్డు ఉంది. దమ్ముకు ఇప్పుడు పీల్చే మందు ఉంది. ఇందులో రెండు రకాలని గుర్తుపెట్టుకో. దమ్ము లేచినప్పుడు గొట్టాలను అప్పటికప్పుడు వదులు చేసేది ఒకటి. అసలు లేవకుండా రోజూ వాడేది రెండోది. మనవాళ్లు మొదటిది వాడి, బాగానే ఉన్నాడు కదా అని రెండోదాన్ని అటక మీద పెడతారు. మళ్లీ చలికాలం రాగానే మొదటికొస్తుంది. డాక్టరు చెప్పిందాకా రెండోది ఆపొద్దు. అది పీల్చాక బాబుతో నోరు పుక్కిలించి ఉమ్మించు. ఏడేళ్ల పిల్లలకు స్పేసర్ అనే ప్లాస్టిక్ గొట్టం తగిలించి ఇస్తే మందు గొంతులోనే ఆగిపోకుండా లోపలిదాకా పోతుంది. ఇన్హేలర్ అలవాటైపోతుందని ఎవరైనా భయపెడితే వినకు. మాత్ర వేసుకుంటే ఒళ్లంతా తిరిగే మందు, ఇందులో ఇసుమంత మోతాదులో నేరుగా ఊపిరితిత్తులకే పోతుంది.

ఇంట్లో కట్టెల పొయ్యి ఉంటే బాబు మంచం ఆ పొగ తగలని చోటికి మార్చు. రాత్రి దోమల కాయిల్ మానేసి దోమతెర కట్టు. పత్తి ఏరి ఇంట్లో పోసే ఆచారం మనవైపు ఉంది. ఆ దూది నుసి దమ్మున్న పిల్లలకు పడదు, ఈ ఏడు కొట్టంలో పోయించు. బాబు మాట మధ్యలో ఆగి ఊపిరి తీస్తున్నా, డొక్కలు లోపలికి గుంజుకుపోతున్నా, పెదాలు నీలంగా మారినా ఇంకేమీ ఆలోచించకు, 108కి ఫోన్ చెయ్యి.

ఇంత గట్టిగా ఎందుకు చెబుతున్నానంటే, మా ఇంట్లోనూ దుప్పి కొమ్ము ఉండేది. జానెడు ముక్క. ఒక చివర అరిగి అరిగి గోలీలా నున్నగా అయిపోయింది. నాయనమ్మ సానరాయి మీద నాలుగు చుక్కల నీళ్లు చిలకరించి, కొమ్మును నిలువుగా పట్టి గుండ్రంగా తిప్పేది. మొదట గరగరమని చప్పుడు, తర్వాత మెత్తబడేది. పాలలాంటి తెల్లటి గంధం ఊరేది. గోరు కాలినట్టు సన్నటి వాసన. తలనొప్పికి నుదుటి మీద, పక్కలో పోటుకు డొక్క మీద పట్టు వేసేది. ఆరేకొద్దీ చర్మం బిగుసుకుని చల్లగా ఉండేది, నిజంగానే హాయిగా ఉండేది. ఆయుర్వేదంలోనూ దుప్పి కొమ్మును కాల్చి చేసే శృంగ భస్మం ఉంది, దాన్ని ఛాతీ నొప్పులకూ వాడతారు. నాయనమ్మ సొంతంగా కల్పించుకున్న వైద్యం కాదది.

నాకు పదమూడేళ్లప్పుడు ఒక రాత్రి మా పెద్దనాయనకు ఛాతీలో నొప్పి లేచింది. ఎడమ చేయి గుంజుతోందన్నాడు. ఒళ్లంతా చెమటలు. నాయనమ్మ తెల్లవార్లూ కొమ్ము అరగదీస్తూనే ఉంది, నేను పక్కన బుడ్డి దీపం పట్టుకుని కూర్చున్నా. ఛాతీ మీద గంధం ఆరిపోతే తుడిచి మళ్లీ పట్టు వేసేది. కోడి కూసే వేళకు ఆయన పోయాడు. అది గుండెపోటని కాలేజీలో జంతుశాస్త్రం చదువుకునేటప్పుడు నాకు తెలిసింది. నాయనమ్మను నేను ఏనాడూ తప్పుపట్టలేదు. ఊరికి బస్సు పొద్దున ఏడింటికి గానీ రాదు. ఆమె చేతిలో ఉన్నది ఆ కొమ్మే. ఉన్నదాంతో తెల్లారేదాకా కొట్లాడింది.

మీ మామ చేతిలో ఉన్నదీ అదే బిడ్డా. అందుకే తమ్ముడి నవ్వుకు నువ్వు సిగ్గుపడనక్కర్లేదు.

మన నేల సంగతి నీకు నేను చెప్పాలా? వాన పడితే ఒక పంట, పడకపోతే వలస. జొన్న గట్కే తిండి. కోడి కోయాలంటే పండుగ రావాలి. అలాంటి ఇంట్లో చెవులపిల్లి దొరికిందంటే ఆ రోజు నలుగురికి కూర. అంత కష్టపడి దొరికినదాంట్లో దేన్నీ పారేయబుద్ధి కాదు. మాంసం వండుకోగా మిగిలిందానికల్లా ఏదో ఒక ఉపయోగం వెతికారు. సందుగలో దొరికినవాటిని ఒకసారి గమనించు: కొమ్ము, ముల్లు, పెంకు, వెంట్రుక. అన్నీ కుళ్లనివే. ఏళ్ల తరబడి దాచుకోగలిగినవి సందుగలో మందులయ్యాయి. దాచుకోలేని నెత్తురు, కార్జం "వేడి మీదనే తాగాలి, పచ్చిదే తినాలి" అనే మందులయ్యాయి. కొవ్వు కరిగించి సీసాలో పోస్తే నెలలు ఉంటుంది, అది కీళ్లకూ కాళ్ల పగుళ్లకూ పూత అయింది. పగుళ్లకు కొవ్వు నిజంగానే పనిచేస్తుంది, ఆముదం రాసినా అంతే.

ఇదంతా పల్లెల్లో పేదవాళ్ల మూఢనమ్మకం అనుకుంటే అదీ పొరపాటే. సీమంతం అనే మాటకు అర్థం పాపిట తీయడం. గర్భిణికి ఆ పాపిట తీయడానికి మూడు తెల్లమచ్చలున్న ఏదుపంది ముల్లు వాడాలని గృహ్యసూత్రాల్లోనే ఉంది. వడుగులో వటువుకు ఇచ్చే కృష్ణాజినం కృష్ణజింక తోలు. మక్తల్, మాగనూరు దగ్గర కృష్ణ ఒడ్డున చేలల్లో పడి మేసే మందలు ఆ జింకలవే. తిరుమలలో శుక్రవారం అభిషేకం అయ్యాక స్వామివారికి పూసే పునుగు తైలం పునుగు పిల్లి నుంచి వచ్చేదే. దాన్ని చంపరు, అది కర్రకు ఒళ్లు రుద్దుకున్నప్పుడు అంటిన జిడ్డును తీస్తారు. పులిగోరు బంగారంలో పొదిగించుకుని మెడలో వేసుకున్నది దొరలే గానీ కూలివాళ్లు కాదు. బొమ్మలేసే మంచి కుంచెలంటూ అమ్మినవాటిలో ఎన్నో ముంగిస వెంట్రుకలతో చేసినవి. ఒక్కో కుంచె వెనక చచ్చిన ముంగిసలు ఉన్నాయి. ఇది మీ తమ్ముడికి చదివి వినిపించు. అడవి జంతువును వాడుకోని కులం గానీ గుడి గానీ కళ గానీ మన దగ్గర లేదు.

నక్క కొమ్ము మాత్రం మోసం. నక్కకు కొమ్ము మొలవదు. ముప్పై ఏళ్లు జంతుశాస్త్రం పాఠం చెప్పినదాన్ని, ఈ మాట పూచీ పడి చెబుతున్నా. ఎముక ముక్కకో చెక్కకో తోలు, వెంట్రుకలు అంటించి, కుంకుమ పూసి సంతల్లో, జాతరల్లో అమ్ముతారు. మీ మామ కూడా ఎవరి దగ్గరో నమ్మి కొన్నాడు, పాపం. నక్కతోక తొక్కివచ్చాడు అనే మాట వెనక ఉన్న నమ్మకమే దీని వెనకా ఉంది. రైతుకు నక్క వల్ల కలిగే అదృష్టం వేరే ఉంది. రాత్రంతా చేలగట్ల వెంట తిరుగుతూ ఎలుకలను తింటుంది. అలుగు కూడా అంతే, చెదలు, చీమలు తప్ప ఇంకేమీ తినదు. చెదపుట్టలున్న ఎర్రచెల్కల్లో అది చేసే పనికి ఎవరూ కూలి ఇవ్వనక్కర్లేదు.

అత్తమ్మ మోకాళ్ల దగ్గరికి వస్తా. మీ ఉత్తరంలో నన్ను అన్నిటికంటే ఎక్కువగా ఆలోచనలో పడేసింది ఇదే. పందులు పల్లిచేను తవ్వి పోతుంటే పాత చీరలు చుట్టూ కట్టి, క్షౌరశాల నుంచి వెంట్రుకలు తెచ్చి గట్ల మీద చల్లి రాత్రిళ్లు కాపలా ఉన్న మనిషికి, ఆ పంది కొవ్వైనా అక్కరకు రావాలని అనిపించడం సహజం. మర్దన చేస్తే ఆ కాసేపు వెచ్చగా ఉంటుంది కూడా. కానీ బిడ్డా, మనది నల్లగొండ. అత్తమ్మ పుట్టిల్లు ఎక్కడ? మర్రిగూడ, నాంపల్లి, చండూరు, మునుగోడు వైపా? ఏళ్ల తరబడి బోరునీళ్లు తాగిందా? మెడ తిప్పలేకపోవడం, నడుము వంగిపోవడం, గొంతుక్కూచోలేకపోవడం ఉన్నాయా? పళ్ల మీద గోధుమరంగు గీతలున్నాయా? ఇవి ఉంటే ఫ్లోరైడ్ అనుమానించాలి. తాగే నీళ్లలో లీటరుకు 1.5 మిల్లీగ్రాములకు మించి ఫ్లోరైడ్ ఉండొద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. మన బోర్లలో ఎన్నోచోట్ల దాన్ని దాటి ఉంది. అది ఎముకల్లో చేరి కీళ్లను బిగదీస్తుంది. పైన ఎంత కొవ్వు రాసినా ఎముకలోకి పోయినదాన్ని తీయలేదు.

నీళ్లు కాచి తాగితే ఫ్లోరైడ్ పోతుందని చాలామంది అనుకుంటారు. పోదు. నీళ్లు ఆవిరై తగ్గుతాయి, ఫ్లోరైడ్ అంతా అడుగున మిగిలి ఇంకా చిక్కబడుతుంది. పటిక, సున్నంతో దాన్ని తీసే పద్ధతిని నాగపూర్ లోని నీరి అనే పర్యావరణ పరిశోధన సంస్థ తయారుచేసింది. దాని పేరే నల్లగొండ టెక్నిక్. ప్రపంచంలో ఎక్కడ ఈ సమస్య వచ్చినా పుస్తకాల్లో మన జిల్లా పేరు చదువుతారు. మీ ఇంటికి మిషన్ భగీరథ పథకం నల్లా వస్తుంటే తాగడానికీ వంటకూ ఆ నీళ్లే వాడండి, బోరునీళ్లు బట్టలకూ బర్రెలకూ ఉంచండి. అన్నం, పప్పు బోరునీళ్లతో వండితే తాగినట్టే లెక్క. అత్తమ్మను ఎముకల డాక్టరుకు చూపించి ఎక్స్‌రే తీయించు. పాలు, రాగి జావ, ఆకుకూరలు పెట్టు. అది వయసు మీద వచ్చిన మోకాలి అరుగుదలే అయినా చేయగలిగింది ఉంది, ఆపరేషన్ అనగానే టెన్షన్ పడొద్దని ఆమెకు చెప్పు.

ఇక సందుగ, పోలీసు భయం. వన్యప్రాణి సంరక్షణ చట్టం 1972 నుంచి ఉంది. 2022లో దాన్ని సవరించారు, 2023 ఏప్రిల్ 1 నుంచి ఆ సవరణ అమల్లోకి వచ్చింది. అలుగు, ఎలుగు రెండూ మొదటి షెడ్యూల్లో ఉన్నాయి, అంటే పులితో సమానం. వాటి విషయంలో నేరం రుజువైతే మూడేళ్లకు తగ్గకుండా ఏడేళ్ల దాకా జైలు, 25,000 రూపాయలకు తగ్గకుండా జరిమానా. చంపడమే కాదు, దాని పెంకు గానీ వెంట్రుక గానీ కొమ్ము గానీ కాగితం లేకుండా ఇంట్లో పెట్టుకున్నా, అమ్మినా నేరమే. "దుప్పి కొమ్ము ఏటా రాలిపోతుంది కదా, అడవిలో ఏరుకొచ్చిందే కదా" అంటారు. నెమలి ఈకలకు ఇచ్చిన వెసులుబాటు కొమ్ముకు లేదు.

అడవి పట్టా ఉంటే వేటాడొచ్చన్నది కూడా తప్పు. 2006 అటవీ హక్కుల చట్టం అడవినే నమ్ముకున్నవాళ్ల సంప్రదాయ హక్కులను గుర్తించింది. అదే సెక్షన్లో వేటాడటం, ఉచ్చు పెట్టడం, జంతువు శరీరభాగాలు తీయడం మాత్రం వాటిలోకి రావని స్పష్టంగా రాసింది. నల్లమలలో ఉండే చెంచులకే లేని హక్కు ఇంకెవరికీ ఉండదు. మీ అత్తమ్మ మాట విని ఎవరైనా రాత్రి చెవులపిల్లి కోసం పోయారే అనుకో. పందుల కోసం చేల చుట్టూ దొంగచాటుగా కరెంటు తీగలు పరిచే కాలమిది. పోయిన మనిషి ఆ తీగ మీద పడితే ఆ ఇంటికి మీరేం జవాబు చెబుతారు?

బండి మీద వచ్చిన ఇద్దరితో మళ్లీ మాట్లాడొద్దు. ధర అడగొద్దు, ఫోటో పంపొద్దు, "మా దగ్గర ఉన్నాయి" అని ఫోన్లో కూడా అనొద్దు. అలుగు పెంకులు దేశాలు దాటి పోతుంటాయి. మందు అనే పేరుతోనే కొంటారు. అలుగు జాతులన్నిటి వ్యాపారాన్ని 2016లో అంతర్జాతీయంగా నిషేధించారు. ఆ పెంకులను మందుల్లో ఎక్కువగా వాడిన చైనాయే 2020లో తన అధికారిక మందుల జాబితాలోంచి వాటిని తీసేసింది. మన గోరులో, వెంట్రుకలో ఉన్న పదార్థమే ఆ పెంకులోనూ ఉంది. అలుగు సాధారణంగా ఒక కాన్పుకు ఒకే పిల్లను పెడుతుంది, తోక మీద ఎక్కించుకుని తిప్పుతుంది. బెదిరితే పారిపోదు, ముద్దలా చుట్టుకుని అక్కడే ఉండిపోతుంది. చిరుతపులి నుంచి కాపాడే ఆ తెలివే మనిషి చేతికి సులువుగా చిక్కేలా చేసింది. ఇలాంటి కేసుల్లో కొనేవాళ్ల వేషంలో అధికారులే వచ్చి పట్టుకోవడం కూడా ఉంటుంది. దొరికేది ఇంట్లో ఉన్నవాళ్లు, అంటే నువ్వు.

చెరువులో పారేద్దామనో పొయ్యిలో పెడదామనో నీకు అనిపిస్తుంది. అలా చేయకు. ఇప్పటికే ఇద్దరికి తెలుసు, ఊళ్లో ఇంకెందరికి తెలుసో. రేపు ఎవరైనా అడిగితే "కాల్చేశాం" అన్న మాటకు సాక్ష్యం ఉండదు. నల్లగొండ కోర్టులో జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ఉంది. 1987 నాటి చట్టం ప్రకారం ఆడవాళ్లకు ఆదాయంతో నిమిత్తం లేకుండా వకీలును ఉచితంగా ఇస్తారు. 15100కి ఫోన్ చేసినా దారి చెబుతారు. ముందు ఆ వకీలుకు ఉన్నదున్నట్టు చెప్పు: మామ మందులాయన, ఫలానా తేదీన పోయిండు, సందుగ తీస్తే ఇవి దొరికాయి, మేము అమ్మలేదు, వాడలేదు. ఆయన చేత దరఖాస్తు రాయించుకుని, ఒక పెద్దమనిషిని వెంటబెట్టుకుని, అటవీ రేంజ్ ఆఫీసులో ఒక్కొక్కటీ లెక్కపెట్టి అప్పగించి రసీదు తీసుకో. ఒక్కదానివే పోవద్దు. మీ ఆయన్ను ఆ రోజు పని మానుకుని రమ్మను.

అత్తమ్మను ఒప్పించడమే నీకు కష్టం. ఆమెకు అవి కొమ్ములు, పెంకులు కాదు, తన మనిషి. ఆ సందుగను కదిలించొద్దంటే ఆయన్ను ఇంట్లోంచి కదిలించొద్దని. అందుకే సందుగ ఇంట్లోనే ఉండనివ్వు. సానరాయి, కళ్లజోడు, రుమాలు అందులోనే పెట్టు. ఈ ఐదు వస్తువులే పోతాయని చెప్పు. అప్పగించే ముందు రోజు సందుగ ముందు దీపం పెట్టాలని, బెల్లం ముక్క పెట్టాలని ఆమె అంటే పెట్టనివ్వు, నువ్వూ పక్కన కూర్చో.

మందు కోసం వచ్చేవాళ్లకు ఏం చెప్పాలని అడగలేదు గానీ, అది నీకు రోజూ ఎదురయ్యే ఇబ్బంది. మనలో హస్తవాసి అనే మాట ఉంది. "ఆయన హస్తవాసి ఆయనతోనే పోయింది, నా చేతికి అది రాలేదు" అని చెప్పు. ఎవరూ నొచ్చుకోరు, అది నిజం కూడా. కానీ ఉత్త చేతులతో పంపకు. మొలలకు అలుగు పెంకు ఉంగరం అడిగితే, జొన్నరొట్టె, గంగవాయిలి కూర, తోటకూర, నీళ్లు ఎక్కువ తీసుకోమను, గోరువెచ్చని నీళ్ల తొట్టిలో రోజూ పావుగంట కూర్చోమను, నెత్తురు పడుతుంటే డాక్టరుకు చూపించుకోమను. పిల్ల దడుసుకుందని ఎలుగు వెంట్రుక అడిగితే, ఆ పిల్లను నాలుగు రాత్రులు తల్లి పక్కలో పడుకోబెట్టుకోమను, జ్వరముందేమో చూడమను. ఛాతీనొప్పి అని ఎవరైనా వస్తే మాత్రం మాటలొద్దు, 108 పిలిపించి ఆ మనిషిని కూర్చోబెట్టు.

ఇంకొకటి మిగిలింది. నాకు చాలా ముఖ్యమైనది. మీ మామకు తెలిసిందంతా సందుగలో లేదు. ఏ గుట్ట వైపు అలుగు బొరియలుంటాయో, ఏ నెలలో ఎలుగు ఇప్పపూల కోసం దిగుతుందో, గబ్బిలాలు తిని పారేసిన గింజలు ఎక్కడ మొలుస్తాయో, ఏ ఆకు పసరు దేనికో ఆయనకు తెలుసు. నలభై ఏళ్లు పక్కనే బతికిన అత్తమ్మకు అందులో సగమైనా తెలుసు. 2002 జీవవైవిధ్య చట్టం కింద ప్రతి పంచాయతీలో ఒక కమిటీ, ప్రజా జీవవైవిధ్య రిజిస్టర్ ఉండాలి. ఇలాంటి తెలివిడి రాసిపెట్టడానికే అది. మీ పంచాయతీ కార్యదర్శిని అడుగు. ఈలోగా ఒక రెండు వందల పేజీల నోటుబుక్కు కొను. రాత్రి అన్నాలయ్యాక అత్తమ్మ మోకాళ్లకు ఆముదం మర్దన చేస్తూ అడుగు, ఫోన్లో రికార్డు పెట్టు, మర్నాడు రాయి. ఆమె అన్న మాటను ఆమె మాటల్లోనే రాయి, నువ్వు దిద్దకు. వేసవి సెలవులకు తమ్ముడు వస్తే అతని చేత రాయించు, బొమ్మలు వేయడం వచ్చుంటే ఇంకా మంచిది.

బాబును ఈ సోమవారమే నల్లగొండకు తీసుకుపో. దసరా దాటాక చలి మొదలవుతుంది, అప్పటికి రోజువారీ మందు మొదలై ఉండాలి. దమ్ము లేచినప్పుడు పీల్చే ఇన్హేలర్ రాసిస్తే రెండు తీసుకో. ఒకటి ఇంట్లో దేవుడి గూట్లో, ఒకటి వాడి బడి సంచిలో. క్లాసు టీచరుకు ఎలా వాడాలో నువ్వే పోయి చూపించు.